యంత్రాల పరకాయ ప్రవేశం

విక్రమార్కుడి కథలు విన్నవాళ్ళకు పరకాయ ప్రవేశం అనే విద్య గురించి తెలిసే ఉంటుంది. రాజుగారు తన శరీరాన్ని ఒకచోట వదిలిపెట్టి, చచ్చిపడి ఉన్న చిలక శరీరంలోకి ప్రవేశిస్తారు. ఒళ్ళు చిలకది, బుద్ధి రాజుది. చిలక నోటి వెంట రాజుగారి మాటలే వస్తాయి.

మనుషుల్లో ఇది కథల్లో తప్ప జరగదు. కాని యంత్రాల లోకంలో రోజూ జరుగుతూనే ఉంది. అందుకు చక్కని ఉదాహరణ ఒకటి ఈమధ్య చాలామంది పిల్లల చేతుల్లో కనిపిస్తోంది. అరచేతిలో ఇమిడిపోయే చిన్న ఆటపెట్టె. మీ అమ్మానాన్నలు మీ వయసులో ఉండగా వచ్చిన వీడియో ఆటలు అందులో ఆడుకోవచ్చు. వింత ఏమిటంటే, ఆ పెట్టె విప్పి చూస్తే పాత ఆట యంత్రపు భాగం ఒక్కటి కూడా లోపల ఉండదు. అయినా పాత ఆట ఏమాత్రం తేడా తెలియకుండా నడుస్తుంది. దీన్ని సాధించే ప్రోగ్రామును 'ఎమ్యులేటర్' అంటారు. అంటే అనుకరించేది అన్నమాట.

ఈ అనుకరణ ఎలా జరుగుతుంది? దీనివల్ల ఆటకు మించిన ప్రయోజనం ఏమైనా ఉందా? చూద్దాం.

అసలు యంత్రం

ముందుగా అనుకరించవలసిన పాత యంత్రం ఒకదాన్ని తీసుకుందాం. 1989 ఏప్రిల్‌లో జపాన్‌లోని నింటెండో కంపెనీ 'గేమ్‌బాయ్' అనే ఆటపెట్టెను విడుదల చేసింది. నాలుగు పెన్‌టార్చి సెల్లులతో నడిచేది. తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు. ఒకే రంగులో నాలుగు ఛాయలు మాత్రం ఉండేవి. లెక్కలు చేసుకోవడానికి లోపల 8 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, బొమ్మలు గీసుకోవడానికి మరో 8 కిలోబైట్లు.

దీంతోపాటు పేరు మోసిన 'టెట్రిస్' ఆట మొత్తం 32 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఈనాడు సెల్‌ఫోనుతో తీసే ఒక ఫొటో 3 మెగాబైట్లు ఉంటుందనుకుంటే, అంత చోటులో టెట్రిస్ లాంటి ఆటలు సుమారు వంద పడతాయి!

గేమ్‌బాయ్ గుండెకాయ దాని ప్రాసెసర్. ఏ ప్రాసెసర్‌కైనా లోపల ఒక గడియారం ఉంటుంది. ఆ గడియారం టిక్కుమన్నప్పుడల్లా పని కొంచెం ముందుకు జరుగుతుంది. గేమ్‌బాయ్ గడియారం సెకనుకు 41,94,304 సార్లు టిక్కుమంటుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని అవసరం వస్తుంది.

అంకెలే ఆజ్ఞలు

ప్రాసెసర్‌కు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. ఒక్కొక్క అంకె ఒక్కొక్క ఆజ్ఞ. గేమ్‌బాయ్ ప్రాసెసర్ లోపల 'ఎ' అనే చిన్న గది ఒకటి ఉంది. అందులో ఒక్క సంఖ్య మాత్రమే పడుతుంది. ఆట ప్రోగ్రాములో ఒకచోట ఈ నాలుగు అంకెలు వరసగా ఉన్నాయనుకోండి:

62, 5, 198, 3

గేమ్‌బాయ్ భాషలో 62 అంటే "పక్కనున్న సంఖ్యను ఎ గదిలో పెట్టు" అని అర్థం. పక్కన 5 ఉంది కాబట్టి గదిలోకి 5 వస్తుంది. తరువాత 198. దాని అర్థం "పక్కనున్న సంఖ్యను ఎ గదిలో ఉన్నదానికి కలుపు" అని. పక్కన 3 ఉంది. గదిలో ఇప్పుడు 8 అవుతుంది. టెట్రిస్‌లో ముక్కలు రాలడం మొదలు పాయింట్లు పెరగడం దాకా అంతా ఇలాంటి చిన్న చిన్న పనుల గొలుసే.

ఇప్పుడు కొత్త పెట్టె దగ్గరికి వద్దాం. 2021లో చైనాలో తయారై వచ్చిన 'మియూ మినీ' అనే ఆటపెట్టెను తీసుకుందాం. దీని ప్రాసెసర్ 'ఆర్మ్' అనే జాతికి చెందినది. మన సెల్‌ఫోన్లలో ఉండేదీ ఆ జాతే. దాని ఆజ్ఞల భాష పూర్తిగా వేరు. గేమ్‌బాయ్ ఆటను తిన్నగా దానికి అందిస్తే, తెలుగు తప్ప మరో భాష రానివాడికి జపాను ఉత్తరం ఇచ్చినట్టే. 62 అన్నా, 198 అన్నా దానికి ఏమీ అర్థం కాదు.

దుబాసీ వచ్చాడు

రెండు భాషలవాళ్ళు మాట్లాడుకోవాలంటే మధ్యలో దుబాసీ కావాలి. ఎమ్యులేటర్ అలాంటి దుబాసీయే. అది ఆర్మ్ భాషలో రాసిన ప్రోగ్రాము. అందులో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. ఏ అంకె వస్తే ఏం చెయ్యాలో అందులో ఉంటుంది. అది చేసే పని ఇలా సాగుతుంది:

ఒకటి: ఆట నుంచి ఒక అంకెను తీసుకో.
రెండు: పట్టికలో దాని అర్థం చూడు.
మూడు: గేమ్‌బాయ్ అయితే ఏం చేసేదో అదే చెయ్యి.
నాలుగు: మళ్ళీ మొదటికి వెళ్ళు.

ఇంతే! సెకనుకు లక్షలసార్లు ఇదే చక్రం తిరుగుతుంది. గేమ్‌బాయ్‌లోని 'ఎ' గది ఇక్కడ నిజంగా లేదు. ఎమ్యులేటర్ తన జ్ఞాపకంలో ఒక చోటు కేటాయించుకుని, దానికే 'ఎ గది' అని పేరు పెట్టుకుంటుంది.

అయితే ఈ దుబాసీ మహా నమ్మకస్తుడై ఉండాలి. యజమాని ఎలా మాట్లాడితే అలాగే చెప్పాలి గాని, తన తెలివి చూపించకూడదు. ఎందుకంటే, ఎ గదిలో 255కి మించిన సంఖ్య పట్టదు. అందులో 255 ఉన్నప్పుడు ఇంకొక 1 కలిపితే ఏమవుతుంది? స్కూటరు మీటరులో 99,999 దాటగానే మళ్ళీ సున్నాలు పడినట్టు, గదిలోకి 0 వస్తుంది. "ఒకటి పైకి పొంగింది సుమా" అని పక్కన ఒక గుర్తు పడుతుంది. కొత్త ప్రాసెసర్‌కు 256 ఒక లెక్కలోది కాదు, సునాయాసంగా పట్టేస్తుంది. కాని ఎమ్యులేటర్ ఆ పని చెయ్యకూడదు. తనకు పట్టినా పట్టనట్టే నటించి, 0 వేసి, గుర్తు పెట్టాలి. పాత యంత్రపు బలాన్నే కాదు, దాని బలహీనతను కూడా అనుకరించాలి.

పెట్టె మొత్తం అనుకరించాలి

ప్రాసెసర్ ఒక్కటే సరిపోదు. గేమ్‌బాయ్‌కి 0 నుంచి 65,535 దాకా నంబర్లు వేసిన గదుల వరస ఒకటుంది. మొదటి 32,768 గదుల్లో ఆట ఉంటుంది. ఆ తరువాతి 8,192 గదులు బొమ్మలకు. మీటల సంగతి తెలుసుకోవాలంటే 65,280వ గదిలోకి తొంగి చూడాలి. అక్కడ ఒక తమాషా ఉంది. మీట నొక్కితే 0, నొక్కకపోతే 1! మనకు తలకిందులుగా తోచినా, ఎమ్యులేటర్ ఆ వివరం కూడా తప్పకుండా పాటించాలి. మీరు కొత్త పెట్టె మీద మీట నొక్కగానే అది ఆ 65,280వ గదిలో సరైన చోట 0 పెడుతుంది. ఆట వచ్చి ఆ గదిలో చూసి, "ఓహో, కుడివైపు మీట నొక్కారు" అని గ్రహిస్తుంది. తాను గేమ్‌బాయ్‌లో లేనన్న సంగతి ఆటకు తెలియనే తెలియదు.

తెర మీది బొమ్మ కూడా ఇలాగే. గేమ్‌బాయ్ బొమ్మను ముక్కలుగా పేరుస్తుంది. ఒక్కొక్క ముక్క 8 చుక్కల ముగ్గు లాంటిది, 8 వరసలు, వరసకు 8 చుక్కలు. తెర నిండా అడ్డంగా 20, నిలువుగా 18, మొత్తం 360 ముక్కలు పడతాయి. ఎమ్యులేటర్ వాటిని పేర్చి బొమ్మ తయారుచేసి, కొత్త తెర మీదికి ఎక్కిస్తుంది.

ఇక్కడొక చిన్న లెక్క. మియూ మినీ తెర మీద 640 అడ్డం, 480 నిలువు చుక్కలున్నాయి. 480ని 144తో భాగిస్తే 3.33 వస్తుంది. ఒక చుక్కను మూడున్నొక మూడోవంతు చుక్కలుగా పెంచడం కుదరదు గదా! బలవంతాన తెరంతా నింపితే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా కనపడతాయి. అందుచేత చాలామంది సరిగ్గా మూడు రెట్లే పెంచి, 480 అడ్డం, 432 నిలువులో ఆడుకుంటారు. చుట్టూ కొంచెం నల్లని అంచు మిగులుతుంది గాని, బొమ్మ నిక్కచ్చిగా ఉంటుంది.

గడియారంతో వచ్చే చిక్కు

అన్నిటికన్నా కష్టమైనది కాలం. 1978లో జపాన్‌లో టొమోహిరో నిషికాడో అనే ఆయన 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆట తయారుచేశాడు. ఆకాశం నుంచి వరసలు వరసలుగా దిగివచ్చే శత్రువులను కాల్చాలి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది. ఆ వేగం ఎక్కడిదో తెలుసా? ఆనాటి ప్రాసెసర్ నిదానం. తెర నిండా శత్రువులుంటే అందరినీ గీసుకుంటూ రావడానికి దానికి ఎక్కువ సమయం పట్టేది. కొందరు పోగానే పని తగ్గి, చురుకుగా గీసేది. యంత్రపు బలహీనతే ఆటకు ప్రాణమైంది!

అదే ఆటను ఈనాటి ప్రాసెసర్ మీద పగ్గం లేకుండా వదిలితే శత్రువులంతా కన్నుమూసి తెరిచేలోగా నేలకు దిగిపోతారు. మనం మీట మీద వేలు పెట్టేలోగా ఆట ముగిసిపోతుంది.

కాబట్టి ఎమ్యులేటర్ పద్దు రాసుకుంటుంది. గేమ్‌బాయ్‌కి 62 ఆజ్ఞ నెరవేర్చడానికి 8 టిక్కులు పడుతుంది. 198కి కూడా 8. రెండూ అయ్యేసరికి పద్దులో 16. ఇలా కూడుకుంటూ పోయి పద్దు 70,224కు చేరితే ఒక తెర పూర్తయినట్టు. అప్పుడు బొమ్మను చూపించి, నిజమైన గేమ్‌బాయ్‌కి ఎంత సమయం పట్టేదో అంతసేపు ఆగుతుంది. ఇందాకటి 41,94,304ను 70,224తో భాగించి చూడండి. సుమారు 59.7 వస్తుంది. సెకనుకు దాదాపు 60 బొమ్మలన్నమాట. పాత కుంటిగుర్రం ఎంత నడిచేదో కొత్త గుర్రం కూడా అంతే నడవాలి.

చౌకగా ఎలా వచ్చింది?

దుబాసీ ద్వారా మాట్లాడితే ఆలస్యం తప్పదు. పాత యంత్రం ఒక్క అడుగులో చేసే పనికి ఎమ్యులేటర్ ఎన్నో అడుగులు వెయ్యాలి. అంకె తీసుకోవాలి, పట్టిక చూడాలి, పని చెయ్యాలి, పద్దు రాయాలి, తెర సంగతి, ధ్వని సంగతి చూడాలి. అందుకని అనుకరించే యంత్రం అసలుదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా ఉండి తీరాలి.

మియూ మినీ గడియారం సెకనుకు 120 కోట్లసార్లు టిక్కుమంటుంది. దాన్ని 41,94,304తో భాగిస్తే 286. గేమ్‌బాయ్ ఒక్కసారి టిక్కుమనేలోగా దీనికి 286 టిక్కుల వ్యవధి దొరుకుతుంది. కావలసినంత తీరుబడి! నిజానికి ఆ పెట్టెలోని చిప్పును ఆటల కోసం తయారుచెయ్యలేదు. తెరలుండే మామూలు గృహోపకరణాల కోసం చేసినది. లక్షల సంఖ్యలో తయారయ్యే సాదా చిప్పు కాబట్టి చౌక. 1989లో గేమ్‌బాయ్ అమెరికాలో దాదాపు 90 డాలర్లకు అమ్మారు. ఈ జాతి పెట్టెలు కొన్ని అంతకన్నా తక్కువకే వస్తున్నాయి. మరో తమాషా ఏమిటంటే, గేమ్‌బాయ్‌కి రూపకల్పన చేసినవారిలో ముఖ్యుడైన గుంపెయ్ యొకొయ్ సిద్ధాంతం కూడా ఇదే. సరికొత్త ఖరీదైన పరికరాల వెంటపడకుండా, బాగా అలవాటైపోయి చౌకబడిన పరికరాన్ని కొత్త పనికి వాడాలని ఆయన చెప్పేవాడు.

మరి ఈ చిన్నపెట్టె ఏ యంత్రాన్నయినా అనుకరించగలదా? ఆగండి! 1994లో వచ్చిన ప్లేస్టేషన్ గడియారం సెకనుకు సుమారు 3 కోట్ల 39 లక్షల టిక్కులు. 120 కోట్లను దాంతో భాగిస్తే 35 మాత్రమే వస్తుంది. తీరుబడి తగ్గిపోయింది. అప్పుడు దుబాసీ ఇంకో ఉపాయం పన్నుతాడు. ఒక వాక్యాన్ని వందసార్లు వింటే వందసార్లు అనువదించడం దండగ గదా? మొదటిసారి చేసిన అనువాదాన్ని దాచుకుని, మళ్ళీ ఆ వాక్యం రాగానే తిన్నగా దాన్నే చదివేస్తాడు. ఈ ఉపాయంతో ప్లేస్టేషన్ ఆటలు కూడా ఇందులో నడుస్తాయి. ఇంకా కొత్త యంత్రాల జోలికి వెళితే మాత్రం ఈ పెట్టె చేతులెత్తేస్తుంది.

నిక్కచ్చితనానికి కూడా ఖరీదుంది. 'సూపర్ నింటెండో' 1990 నాటి యంత్రం. దాని ప్రాసెసర్ సెకనుకు 36 లక్షల టిక్కులు కూడా దాటదు. అయినా దాన్ని ప్రతి చిన్న వివరంతోసహా అనుకరించే ఒక ఎమ్యులేటర్‌కు 2011లో సెకనుకు 300 కోట్ల టిక్కుల కంప్యూటరు కావలసివచ్చింది! చౌక పెట్టెల్లో వాడే ఎమ్యులేటర్లు కొన్ని వివరాలను కుదించుకుని పని గడుపుకుంటాయి. చాలా ఆటలకు అది చాలు. ఎక్కడో ఒకటి రెండు ఆటల్లో మాత్రం బొమ్మ చెదరడమో, ధ్వని తడబడడమో జరుగుతుంది.

ఆలోచన పాతదే

ఒక యంత్రం మరో యంత్రంలా నటించగలదని మొదట గణితంతో నిరూపించినవాడు ఇంగ్లండుకు చెందిన ఆలన్ ట్యూరింగ్. 1936లో, ఈనాటి కంప్యూటర్లు ఇంకా పుట్టకముందే, ఆయన కాగితం మీద ఒక విశ్వయంత్రాన్ని ఊహించాడు. ఏ లెక్కలయంత్రం నడిచే నియమాలనైనా రాసి దానికి అందిస్తే, అది ఆ యంత్రంలాగే పనిచేస్తుంది. అంటే యంత్రమంటే అందులోని ఇనుము, రాగి, సిలికాన్ కాదు. అది పాటించే నియమాలే యంత్రం. నియమాలు తెలిస్తే చాలు, ఒళ్ళు ఏదైనా ఫరవాలేదు. పరకాయ ప్రవేశపు మంత్రం ఇదే.

1964లో ఐబిఎం కంపెనీ 'సిస్టమ్ 360' అనే కొత్త కంప్యూటర్లను ప్రకటించినప్పుడు ఈ మంత్రం వ్యాపారంలోకి వచ్చింది. అంతకుముందు '1401' అనే కంప్యూటర్ కొన్నవాళ్ళు ఎంతో ఖర్చుపెట్టి ప్రోగ్రాములు రాయించుకుని ఉన్నారు. అవన్నీ పారెయ్యమంటే కొత్తది ఎవరు కొంటారు? అందుకని కొత్త కంప్యూటరు పాతదాన్ని అనుకరించే ఏర్పాటు చేశారు. 'ఎమ్యులేటర్' అన్న పేరు అక్కడ పుట్టిందే. ఇక 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 'మేమ్' అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. ఆటశాలల్లో నాణెం వేసి ఆడే యంత్రాలను అనుకరించడం దాని పని.

1990ల్లో మన ఊళ్ళలో టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడుకునే 'టీవీ గేములు' అమ్మేవారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, చెబుతారు. వాటిలో చాలావరకు జపాను యంత్రం ఒకదానికి చిప్పుతోసహా తీసిన నకళ్ళు. అవి ఎమ్యులేటర్లు కావు. అక్కడ ఒంటికే నకలు తీశారు. ఇక్కడ ఒళ్ళు వేరు, నడవడిక మాత్రం అదే.

ఆట కోసమేనా ఇదంతా?

కాదు. పాత యంత్రాలు ఒక్కటొక్కటిగా చచ్చిపోతున్నాయి. గేమ్‌బాయ్ క్యాసెట్లలో కొన్నిటి లోపల చిన్న బిళ్ళ బ్యాటరీ ఉండేది. మనం ఆట ఎంతవరకు ఆడామో గుర్తుంచుకునేది దాని దయవల్లే. ఆ బ్యాటరీ అయిపోతే ఆ గుర్తంతా తుడిచిపెట్టుకుపోతుంది. యంత్రాలు పాడైతే కొత్త భాగాలు దొరకవు. 'వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్' అనే సంస్థ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో నూటికి 87 అంగట్లో కొనుక్కుందామన్నా దొరకవు. మూకీ సినిమాల రీళ్ళు ఎన్నో ఇలాగే నాశనమయ్యాయి. తాళపత్రం శిథిలమయ్యేలోగా ఇంకో తాళపత్రం మీద ఎత్తి రాసుకున్నారు కాబట్టి మన కావ్యాలు దక్కాయి. ఆట ప్రోగ్రామును ఎత్తి రాసుకుంటే చాలదు, దాన్ని చదవగల యంత్రం కూడా ఉండాలి. ఆ లోటు తీర్చేది ఎమ్యులేటరే.

అయితే ఒక ముఖ్యమైన సంగతి మరచిపోకూడదు. ఎమ్యులేటర్ వేరు, ఆట వేరు. సొంతంగా రాసిన ఎమ్యులేటర్ తప్పు కాదని 2000లో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు, ప్లేస్టేషన్‌ను అనుకరించిన కనెక్టిక్స్ కంపెనీ కేసులో, ఆ కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. కాని ఆట దాన్ని తయారుచేసినవాళ్ళ సొత్తు. మన దేశంలో కూడా 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములకు వర్తిస్తుంది. 1989 నాటి ఆట మీద హక్కు ఇంకా తీరిపోలేదు. ఈ పెట్టెలు అమ్మేవాళ్ళు కొందరు వేలకొద్దీ ఆటలు నింపిన కార్డును ఊరికే ఇస్తామంటారు. ఆ ఆటల్లో ఎక్కువభాగం యజమానుల అనుమతి లేనివే. అంగట్లో దొరకని ఆటను కాపాడుకోవడం ఎలా, తయారుచేసినవాడి హక్కును మన్నించడం ఎలా అన్నది ఈనాటికీ తెగని తగాదా. ఈలోగా నిశ్చింతగా ఆడుకోవడానికి ఒక దారి ఉంది. గేమ్‌బాయ్ కోసం ఈనాడు కూడా సరదాగా కొత్త ఆటలు రాసి, ఉచితంగా పంచిపెట్టేవాళ్ళున్నారు. 2019లో వచ్చిన 'జిబి స్టూడియో' అనే ఉచిత ప్రోగ్రాముతో మీరే ఒక ఆట తయారుచేసి, ఎమ్యులేటర్‌లో ఆడుకోవచ్చు.

మీరే ఎమ్యులేటర్ అవండి

పెట్టె లేకపోయినా ఒక కాగితం, పెన్సిలు చాలు. కాగితం మీద 'ఎ గది' అని ఒక గడి, 'పొంగు గుర్తు' అని మరొక గడి, 'పద్దు' అని ఇంకొక గడి గీయండి. పట్టిక ఇదీ:

62: పక్క సంఖ్యను ఎ గదిలో పెట్టు. 8 టిక్కులు.
198: పక్క సంఖ్యను ఎ గదికి కలుపు. 8 టిక్కులు.
214: పక్క సంఖ్యను ఎ గది నుంచి తీసివెయ్యి. 8 టిక్కులు.
118: ఆగు. 4 టిక్కులు.

మీ స్నేహితుణ్ణి ఈ అంకెలు ఒక్కొక్కటే చదవమనండి: 62, 20, 198, 15, 214, 5, 118. మీరు పట్టిక ప్రకారం నడవండి. చివరికి ఎ గదిలో 30, పద్దులో 28 ఉండాలి.

సరిగ్గా వచ్చిందా? అయితే ఇప్పుడు ఇది చెయ్యండి: 62, 250, 198, 10, 118. మీ గడిలో 260 వచ్చిందంటే లెక్క ఒప్పే గాని, మీరు గేమ్‌బాయ్ కాలేదన్నమాట. 4 వచ్చి, పక్కన పొంగు గుర్తు పడిందంటే మాత్రం ఆ కాసేపూ మీరు అచ్చంగా 1989 నాటి గేమ్‌బాయే.